పెద్ద గుండెకు కొద్ది మందు

ప్రొపోఫాల్ వయల్‌లో 20 మి.లీ. తెల్లటి ద్రవం ఉంటుంది. ఒక్కో మి.లీ.లో 10 మి.గ్రా. మందు. ఏ జబ్బూ లేని 50 కిలోల మనిషి చేతి నరంలోకి అందులో సగం పంపితే అర నిమిషం తిరిగేసరికి కళ్లు మూతపడతాయి. ఆ వెంటనే రక్తపోటు 25 నుంచి 40 శాతం దాకా పడిపోవచ్చు. గట్టి గుండె దాన్ని తట్టుకుంటుంది. కాసేపటికి సర్జన్ కత్తి పడుతుంది, పోటు మళ్లీ లేస్తుంది, ఎవరూ దాన్ని గుర్తుపెట్టుకోరు.

అదే సగం వయల్‌ను గుండె పెద్దదైన మనిషికి అదే వేగంతో ఎక్కిస్తే గుండె ఆ బల్ల మీదే ఆగిపోవచ్చు. మందులో లోపం ఉండదు. పుస్తకంలో కిలోకు ఇంత అని రాసిన లెక్కా తప్పు కాదు. ఆ లెక్క ఈ గుండెకు రాసింది కాదు, అంతే. ఆ లెక్కను ఈ గుండెకు తగినట్టు కోసి, చీల్చి, ఆగి ఆగి ఇవ్వడమే మత్తు డాక్టర్ పనితనం. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఆపరేషన్ థియేటర్లలో ఏ హడావుడీ లేకుండా జరిగిపోయే ఈ పనిని దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం. రోగి బంధువులకు సర్జన్ పేరు తెలుస్తుంది. మత్తు ఇచ్చినవారి పేరు చాలామంది అడగరు. కానీ గుండె జబ్బు ఉన్న మనిషి ఆపరేషన్‌లో అత్యంత ప్రమాదకరమైన ఐదు నిమిషాలు కత్తి పడకముందే గడిచిపోతాయి. ఆ ఐదు నిమిషాలూ వారి చేతిలోనే ఉంటాయి.

ఇద్దరు రోగులను ఊహించుకుందాం. ఒకరు జగిత్యాల వైపు పల్లెలోని రైతు. వయసు 68. పదిహేనేళ్లుగా బీపీ ఉంది, గోలీలు వేసుకున్న రోజులకన్నా మానేసిన రోజులే ఎక్కువ. బాయి గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. రెండో మనిషి ఉట్నూరు వైపు గూడెం నుంచి వచ్చిన గర్భిణి. వయసు 26, తొమ్మిదో నెల. కాళ్లు వాచాయి, ఆయాసం వస్తోంది. కడుపుతో ఉన్నవాళ్లకు ఇది మామూలే అని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఇద్దరిదీ ఒకటే మాట: గుండె నీడ ఛాతీ వెడల్పులో సగం దాటింది.

ఎక్స్‌రే చెప్పగలిగింది అంతే. లోపల ఏముందో ఎకో పరీక్ష చెప్తుంది. రైతు గుండె గోడ మందమెక్కింది. పదిహేనేళ్లు ఎక్కువ ఒత్తిడికి ఎదురు తోసి తోసి ఆ కండరం బలిసింది. దాని దమ్ము తగ్గలేదు, ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గదిలోని రక్తంలో ఒక్కో తోపుకు బయటికి పోయే వాటా, 60 శాతం ఉండవచ్చు. కానీ గోడ బిగుసుకుపోయింది, గది ఇరుకైంది. నిండడమే దానికి కష్టం. గర్భిణి గుండె దీనికి పూర్తిగా విరుద్ధం. గది సాగిపోయింది, గోడ పలచబడింది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం దగ్గర ఉంది. నిండడం దానికి సమస్య కాదు, తోయడమే కష్టం. గర్భం చివరి నెలలో గానీ, కాన్పయ్యాక 5 నెలల లోపు గానీ వేరే కారణం లేకుండా గుండె ఇలా సాగిపోయి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 45 శాతం కిందికి వస్తే దాన్ని పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు.

ఒకటి నిండలేని గుండె, ఇంకొకటి తోయలేని గుండె. మత్తు మందు నరంలోకి వెళ్లాక రెండూ కూలే ప్రమాదం ఉంది, కానీ కూలే దారులు వేరు. మత్తు డాక్టర్ మొదటి పని ఆ దారిని ముందే కనిపెట్టడం.

ఈ పని ఆపరేషన్‌కు ముందు రోజే వార్డులో, మంచం పక్కన మొదలవుతుంది. "బాపూ, ఇంటి నుంచి చెలక దాకా ఆగకుంట నడుస్తవా? మెట్లెక్కితే దమ్మొస్తదా? ఎప్పుడన్న కండ్లు తిరిగి పడ్డవా?" రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలిగినవారి గుండెలో ఆపరేషన్‌కు సరిపడా నిల్వ ఉందని స్థూలంగా లెక్క. కళ్లు తిరిగి పడటం వేరే సంకేతం. మందమెక్కిన గుండెలో రక్తం బయటికి పోయే దారి కూడా ఇరుకై ఉండవచ్చని అది చెప్తుంది. గర్భిణిని అడిగేది వేరు: "బిడ్డా, రాత్రి ఎన్ని మెత్తలు పెట్టుకుని పండుకుంటున్నవ్? నడిజామున దమ్మాడక లేచి కూసుంటున్నవా?" ఒక మెత్త రెండైందంటే, రెండు మూడైందంటే, ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతోందని అర్థం. ఏ యంత్రమూ లేకుండా దొరికే సమాచారం ఇది. రోగి యాసలో, రోగి ఇంటి వస్తువులతో అడిగినప్పుడే నిజమైన జవాబు వస్తుంది. గోండి మాత్రమే బాగా వచ్చిన తల్లి దగ్గర ఆ జవాబు ఆశా కార్యకర్త నోటి గుండా రావాల్సి ఉంటుంది. అందుకు ఓపిక పట్టే డాక్టర్ సగం ప్రమాదాన్ని అక్కడే తప్పించినట్టు.

తర్వాత గోలీల లెక్క. రైతు వేసుకునే బీపీ మందుల్లో కొన్ని ఆపరేషన్‌కు ఒక రోజు ముందే ఆపాలి. టెల్మిసార్టన్ లాంటివి ఒంట్లో ఉండగా మత్తు ఇస్తే పడిన పోటు ఓ పట్టాన లేవదు. మెటోప్రొలాల్ లాంటివి మాత్రం ఆపరేషన్ ఉదయం కూడా రెండు గుక్కల నీళ్లతో వేయాలి. అవి ఆపితే గుండె పరుగందుకుంటుంది. రాత్రంతా ఏమీ తినకుండా, తాగకుండా ఉంచిన మనిషి ఒంట్లో నీరు తగ్గుతుంది. నిండడమే కష్టమైన గుండెకు అది అసలు పడదు. కాబట్టి నరంలోకి ద్రవం ముందుగానే మొదలవుతుంది. సాగిపోయిన గుండెకు అదే ద్రవం ఒక సీసా ఎక్కువైతే ఊపిరితిత్తులు నిండిపోతాయి. ఒకరికి ప్రాణం పోసే సీసా ఇంకొకరికి గండం.

ఇక అసలు మందుల సంగతి. నరం ద్వారా ఇచ్చే మత్తు మందుల్లో ప్రతిదానికీ ఒక చరిత్ర, ఒక గుణం, ఒక మొండితనం ఉన్నాయి. మంచి మత్తు డాక్టర్‌కు అవన్నీ ఇంట్లో మనుషుల స్వభావాల్లా తెలిసి ఉంటాయి.

థయోపెంటోన్ 1934లో అమెరికాలో రాల్ఫ్ వాటర్స్, జాన్ లండీల చేతుల్లో వాడుకలోకి వచ్చింది. పెంటోథాల్ పేరుతో మన జిల్లా ఆసుపత్రుల్లోనూ దశాబ్దాలు రాజ్యమేలింది. అది నరాలను వదులు చేసి రక్తాన్ని కాళ్లలో, కడుపులో నిలబెడుతుంది, గుండె వేగం పెంచుతుంది. బలహీనమైన గుండెకు రెండూ చేటే.

కెటమిన్‌ను 1962లో కాల్విన్ స్టీవెన్స్ తయారుచేశాడు. 1985 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఊపిరిని ఆపదు, పోటును పడనివ్వదు, పెద్ద యంత్రాలు లేని చోట కూడా పనికొస్తుంది. చిన్న ఆసుపత్రుల్లో ఎన్ని ప్రాణాలు దీని మీద నిలబడ్డాయో చెప్పలేం. కానీ అది పోటును నిలబెట్టే పద్ధతిలో ఒక మెలిక ఉంది. గుండె కండరాన్ని అది నేరుగా తాకితే కొంత నీరసపరిచేదే. శరీరంలోని అడ్రినలిన్ లాంటి రసాయనాలను పురికొల్పడం వల్ల ఆ నీరసం బయటపడదు. నెలల తరబడి అలసిపోయిన గుండె ఉన్న మనిషి ఆ నిల్వలను అప్పటికే కరగదీసుకుని ఉంటాడు. పురికొల్పడానికి ఏమీ మిగలదు. అప్పుడు పోటు లేస్తుందని కెటమిన్ ఇస్తే పడిపోతుంది. మందమెక్కిన గుండెకు సమస్య వేరు. కెటమిన్ గుండె వేగం పెంచుతుంది, వేగం పెరిగితే నిండే సమయం తరిగిపోతుంది.

ఎటోమిడేట్ గుండె విషయంలో చాలా మర్యాద గల మందు. కిలోకు 0.2 నుంచి 0.3 మి.గ్రా. ఇస్తే నిద్ర వస్తుంది, పోటు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కానీ అది అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ తయారీని కొన్ని గంటల పాటు ఆపేస్తుంది. ఈ సంగతి తేలింది 1983లో. ఐసీయూలో రోజుల తరబడి ఈ మందు ఎక్కించిన రోగుల్లో మరణాలు పెరగడం గ్లాస్గో వైద్యులు లెడింగ్‌హామ్, వాట్ గమనించారు. ఒక్క మోతాదుతో అంత ముప్పు లేదు గానీ, ఒంటినిండా ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి ఇచ్చేముందు ఆలోచించాల్సిందే.

ప్రొపోఫాల్‌ను కనిపెట్టినవాడు ఇయాన్ గ్లెన్, స్కాట్లండ్‌కు చెందిన పశువైద్యుడు. ఐసీఐ కంపెనీలో పనిచేస్తూ 1970ల్లో ఈ పదార్థాన్ని పట్టుకున్నాడు. అది నీళ్లలో కరగదు. మొదట కలిపిన ద్రావకం కొందరిలో తీవ్రమైన అలర్జీ తెచ్చింది. మందును వెనక్కి తీసుకుని, సోయా నూనె, గుడ్డు లెసిథిన్‌తో కొత్తగా చిలికి 1986లో మళ్లీ బయటికి తెచ్చారు. ఆ తెల్లరంగు ఆ నూనె చలవే. 2018లో గ్లెన్‌కు లాస్కర్ పురస్కారం వచ్చింది. నిద్రలోకి పంపడంలో, వికారం లేకుండా తేటగా లేపడంలో దీనికి సాటి మందు ఇప్పటికీ దొరకలేదు. గుండె మీద దాని దెబ్బ మాత్రం మూడు వైపుల నుంచి పడుతుంది. ధమనులను వదులు చేస్తుంది. సిరలను వదులు చేసి గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. పోటు పడగానే వేగం పెంచి కాపాడాల్సిన మెడలోని, ఛాతీలోని గ్రాహకాలను మందగింపజేస్తుంది. గుండె కండరాన్ని కొద్దిగా నీరసపరచడం వీటికి అదనం.

మందమెక్కిన గుండె ఈ దెబ్బకు ఎలా కూలుతుందో చూడండి. ఎడమ జఠరికకు తన సొంత రక్తం ప్రధానంగా అది వదులైన క్షణంలోనే అందుతుంది. అలా అందాలంటే ఆ క్షణంలో బృహద్ధమనిలో పోటు ఉండాలి. ప్రొపోఫాల్ ఆ పోటును దించేస్తే బలిసిన కండరానికి ఆకలి మొదలవుతుంది. ఆకలిగొన్న కండరం ఇంకా బిగుసుకుంటుంది, ఇంకా తక్కువ నిండుతుంది, పోటు ఇంకా పడుతుంది. ఈ వలయం ఒకసారి తిరగడం మొదలైతే నిమిషాల్లో పని ముగుస్తుంది. మామూలు గుండెలో కర్ణిక చివరి తోపు జఠరికను నింపడంలో ఐదో వంతు సాయం చేస్తుంది. మందమెక్కిన గుండెలో ఆ సాయం 40 శాతం దాకా ఉంటుంది. అందుకే లయ తప్పడం కూడా ఈ రైతుకు పోటు పడటమంత ప్రమాదం.

సాగిపోయిన గుండె కథ వేరు. పలచని గోడ, పెద్ద గది: ప్రతి తోపుకీ కండరం మీద పడే బరువు ఎక్కువ. పోటు మరీ లేస్తే ఎదురు తోయలేక చతికిలబడుతుంది. మరీ పడితే దానికే రక్తం అందదు. బతకడానికి మిగిలిన సందు చాలా సన్నం. ఈ గుండెకు సంబంధించి నేను అన్నిటికన్నా ముందు చెప్పదలచుకున్న విషయం ఒకటుంది. తక్కువ తోసే గుండె ఉన్న మనిషి చేతి నరంలో వేసిన మందు మెదడు చేరడానికి సమయం పడుతుంది. ఆరోగ్యవంతుడికి అర నిమిషం పట్టేది ఈమెకు నిమిషం దాటవచ్చు. తక్కువ రక్తంలో కలుస్తుంది కాబట్టి చేరేటప్పుడు చిక్కగా చేరుతుంది. ఆలస్యంగా వస్తుంది, గట్టిగా వస్తుంది.

తొందరపడే చెయ్యి మోసపోయేది ఇక్కడే. 30 మి.గ్రా. ఇచ్చారు, అర నిమిషం చూశారు, రోగి ఇంకా మాట్లాడుతోంది. సరిపోలేదనుకుని ఇంకో 30, ఆ తర్వాత ఇంకో 40. అప్పుడు మొదటిదీ, రెండోదీ, మూడోదీ కలిసి ఒకేసారి మెదడుకూ గుండెకూ చేరతాయి. అనుభవం ఉన్న చెయ్యి 20 మి.గ్రా. ఇచ్చి ఆగుతుంది. గడియారం చూస్తుంది. రోగితో మాట్లాడుతూ కనురెప్పల బరువు గమనిస్తుంది, మాట ముద్దయిందా అని వింటుంది. సర్జన్ చేతులు కడుక్కుని వచ్చి నిలబడి ఉంటాడు, నర్సులు చూస్తూ ఉంటారు, ఆ గదిలో అందరికీ తొందరే. ఆ ఒత్తిడిలో ఒకటిన్నర నిమిషం ఏమీ చేయకుండా సిరంజి పట్టుకుని నిలబడటం చూసేవారికి తటపటాయింపులా కనిపిస్తుంది. నా దృష్టిలో ఆ గదిలో జరిగే అత్యంత కఠినమైన పని అదే. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనివాడు తీగ అతికేటప్పుడు మంటను ఎంతసేపు ఊదాలో కంటితోనే పట్టుకుంటాడు. క్షణం తక్కువైతే అతకదు, క్షణం ఎక్కువైతే అల్లిక మొత్తం కరిగిపోతుంది. ఈ చేతికీ అలాంటి కొలత ఉంది, అది ఏ పుస్తకంలోనూ సెకన్ల లెక్కన రాసి ఉండదు.

ఆగగలగడానికి ధైర్యం ముందు చేసుకున్న ఏర్పాటు నుంచి వస్తుంది. రోగి మెలకువగా ఉండగానే మణికట్టు ధమనిలో సన్నని గొట్టం వేసి, ప్రతి గుండెకొట్టుకీ పోటు తెర మీద కనబడేలా చేస్తారు. చేతికి కట్టే పట్టీ కొన్ని నిమిషాలకోసారి మాత్రమే చెప్తుంది, ఆ మధ్యలో ప్రాణమే పోవచ్చు. తర్వాత ట్రాలీ మీద సిరంజిలు వరుసగా, పేర్లు రాసి పెడతారు. పడిన పోటును లేపే ఫినైలెఫ్రిన్ ఆంప్యూల్‌లో 10 మి.గ్రా. ఉంటే ఒకసారికి కావలసింది 50 నుంచి 100 మైక్రోగ్రాములు. అంటే ఆంప్యూల్‌లో నూటో వంతు, కొన్నిసార్లు రెండొందలో వంతు. దాన్ని పలచన చేసే లెక్క తప్పితే రక్షించాల్సిన మందే చంపుతుంది. మందమెక్కిన గుండెకు ఫినైలెఫ్రిన్ మంచి తోడు, పోటును లేపుతుంది గానీ వేగాన్ని పెంచదు. సాగిపోయిన గుండెకు అది ఒట్టి బరువు మోపడమే. అక్కడ నారడ్రినలిన్‌ను సన్నగా, పంపు ద్వారా, మత్తు మందు కన్నా ముందే మొదలుపెడతారు. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా దొరికే మెఫెంటర్‌మిన్ గుండె వేగాన్నీ పెంచగలదు. అందుకని అది చేతికందేలా ఉన్నా రైతు విషయంలో చెయ్యి వేరే సిరంజి వైపు పోతుంది.

నిద్ర పట్టాక ఎదురు ప్రమాదం. ఊపిరి గొట్టం వేయడానికి గొంతులోకి లారింజోస్కోప్ వెళ్లగానే పోటూ వేగమూ ఎగబాకుతాయి. ఇప్పటిదాకా పడకుండా కాపాడిన పోటును ఇప్పుడు లేవకుండా కాపాడాలి. కిలోకు 1 నుంచి 3 మైక్రోగ్రాముల ఫెంటానిల్, కిలోకు 1.5 మి.గ్రా. లిగ్నోకైన్ ముందే ఇచ్చి ఉంచితే ఆ ఎగుడు తగ్గుతుంది. ఫెంటానిల్ ముందు ఇవ్వడం వల్ల ప్రొపోఫాల్ అవసరం కూడా తగ్గుతుంది. రైతుకు ఈ పద్ధతిలో చాలాసార్లు 50, 60 మి.గ్రా.తోనే పని అయిపోతుంది. ఇంకా మంచి డాక్టర్ ఆయనకు తొడ మొదట్లో నరాన్ని మొద్దుబార్చే సూది ముందే వేసి నొప్పిని సగానికి సగం తీసేస్తాడు. నొప్పి తగ్గితే మత్తు తగ్గించవచ్చు.

గర్భిణి విషయంలో ఈ కళకు అసలైన పరీక్ష ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కరీంనగర్ జిల్లాలో ప్రతి 5 కాన్పుల్లో 4కు పైగా ఆపరేషన్ ద్వారానే జరిగాయి. ఇక్కడి మత్తు డాక్టర్లకు సిజేరియన్ అంటే రోజువారీ పని, దాదాపు అన్నీ వెన్నులో సూదితోనే. కానీ ఈమెకు సాగిపోయిన గుండెలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ నడుస్తోంది. దాని ప్రభావం దిగకముందే ఆపరేషన్ చేయాల్సి వస్తే వెన్నులో సూది వేయకూడదు. రక్తం ఊరి వెన్నుపామును నొక్కవచ్చు. పూర్తి మత్తే గతి. గర్భిణికి పూర్తి మత్తు అంటే పాఠ్యపుస్తకం చెప్పేది వేగం. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా చకచకా మందులిచ్చి గొట్టం వేసేయాలి. ఈ గుండె చెప్పేది నిదానం. కడుపు తొందర చేయమంటుంది, గుండె ఆగమంటుంది, లోపల బిడ్డ ఉంది.

దీనికి తయారుచేసుకునే దారిలో ప్రతి మెట్టూ ఆలోచించి వేసిందే. బల్లను ఎడమకు వంచుతారు, గర్భాశయం బరువు పెద్ద సిర మీద పడకుండా. మూడు నిమిషాలు నిండుగా ఆక్సిజన్ పట్టిస్తారు, గర్భిణుల ఒంట్లో ఆక్సిజన్ నిల్వ త్వరగా ఖర్చవుతుంది కాబట్టి. ప్రొపోఫాల్ పక్కన పెట్టి ఎటోమిడేట్ ఎంచుకుంటారు. 60 కిలోలకు 12 మి.గ్రా. దగ్గర మొదలవుతుంది. ఫెంటానిల్ లాంటిది ముందే ఇస్తే బిడ్డ మగతగా పుట్టవచ్చు. అయినా తల్లి గుండెకు అది కావాలి కాబట్టి ఇస్తారు. బిడ్డకు ఊపిరి పోయడానికి పిల్లల డాక్టర్‌ను ముందే పిలిచి గదిలో నిలబెడతారు. ఒకరికి కలిగే ఇబ్బందిని ముందే ఊహించి, దానికి మనిషిని కూడా సిద్ధం చేసుకోవడం గొప్ప పనివాళ్ల లక్షణం.

బిడ్డ బయటికి వచ్చాక కూడా ఊపిరి పీల్చుకునే వీలు లేదు. గర్భాశయం ముడుచుకుంటూ 300 నుంచి 500 మి.లీ. రక్తాన్ని ఒక్కసారిగా గుండె వైపు తోస్తుంది. తోయలేని గుండె మీద వరద. రక్తస్రావం ఆపడానికి అలవాటుగా ఇచ్చే ఆక్సిటోసిన్‌ను ఒక్కసారిగా ఇస్తే పోటు పడుతుంది, కాబట్టి పంపులో సన్నగా పోనిస్తారు. మిథైల్ ఎర్గోమెట్రిన్ ధమనులను బిగిస్తుంది కాబట్టి దాన్ని ముట్టుకోరు. ఆ రాత్రి ఐసీయూలో ఆమె పక్కన ఉండటమూ ఈ పనిలో భాగమే. ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఏడాది లోపు గుండె మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. అంటే ఆ ఒక్క గంటను దాటించడం ఒక నిండు జీవితాన్ని దాటించడం.

ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి వచ్చే మూడో గుండె కూడా ఉంది. గోండు, కొలాం, ప్రధాన్ కుటుంబాల్లో సికిల్‌సెల్ జబ్బు ఉంది. ఏళ్ల తరబడి రక్తం తక్కువైతే, ఉన్న కొద్ది రక్తాన్నే పదే పదే తిప్పడానికి గుండె శ్రమించి పెద్దదవుతుంది. ఈ మనిషికి మత్తు ఇచ్చేటప్పుడు పోటుతో పాటు ఒంటి వేడి, నీరు, ఆక్సిజన్ మూడూ తగ్గకూడదు. తగ్గితే ఎర్ర రక్తకణాలు కొడవళ్లై నరాల్లో ఇరుక్కుంటాయి. థియేటర్‌లో ఏసీ తగ్గించి, సీసాలను వెచ్చచేసి, దుప్పటి కప్పి మొదలుపెట్టే మత్తు డాక్టర్ ఆ మనిషి ఊరినీ రక్తాన్నీ చదివినవాడు.

గుండెకూ మత్తుకూ ఉన్న ఈ సంబంధం గురించి ప్రపంచం మొదట గట్టిగా వాదించుకున్న చోట్లలో మన రాజధాని ఒకటని చాలామందికి తెలియదు. 1848లో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి క్లోరోఫామ్ మత్తులో చనిపోయింది. క్లోరోఫామ్ చంపేది ఊపిరిని ఆపా, గుండెను ఆపా అనే తగవు అప్పటినుంచి నలభై ఏళ్లు సాగింది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పెద్ద ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముఖ్యం, ఊపిరిని కాస్తే చాలు అనేవాడు. దాన్ని తేల్చడానికి నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బు పెట్టి 1888లో, మళ్లీ 1889లో క్లోరోఫామ్ కమిషన్లు వేయించారు. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లోనే మత్తు ఇవ్వడం నేర్చుకుని, ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరయ్యారు. అప్పటికి కరీంనగర్ ఇంకా ఎల్గందల్ జిల్లాగా నిజాం రాజ్యంలో ఉంది.

కమిషన్ లారీ వైపే తీర్పు చెప్పింది. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ తీర్పును సరిదిద్దాడు. క్లోరోఫామ్ మత్తు తేలికగా ఉన్న స్థితిలోనే, ఊపిరి ఆడుతుండగానే గుండె లయ తప్పి ఆగిపోగలదని ప్రయోగాలతో చూపాడు. కానీ హైదరాబాద్ వైద్యులు ఊపిరిని అంత శ్రద్ధగా కాయమనడం వృథా పోలేదు. ఇప్పుడు థియేటర్‌లో మత్తు డాక్టర్ కళ్లు ఎక్కువసేపు నిలిచే తెరల్లో క్యాప్నోగ్రాఫ్ ఒకటి. అది రోగి బయటికి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తుంది. వెంటిలేటర్ ఒకే తీరున ఊపిరి పోస్తుండగా ఆ గీత ఉన్నట్టుండి కుంగిందంటే గుండె ఊపిరితిత్తులకు రక్తం పంపడం తగ్గించిందని అర్థం. ధమనిలో గొట్టం లేని చోట గుండె నీరసాన్ని ఈ గీతే ముందుగా చెప్తుంది. ఊపిరిని కాసే యంత్రం గుండె కబురు తెస్తోంది. నాటి వాదంలో ఇరుపక్షాలు పట్టుకున్న రెండు కొసలూ ఈ తెర మీద కలిశాయి.

ఇంత పని ఉత్తర తెలంగాణలో ఎక్కడ జరుగుతోంది? ఆదిలాబాద్‌లో రిమ్స్ వైద్య కళాశాల 2008లో వచ్చింది. అంతకు ముందు ఈ గర్భిణి లాంటివారు చాలామంది దూరంలోని హైదరాబాద్ గానీ, సరిహద్దు దాటి నాగపూర్ గానీ పోవాల్సి వచ్చేది. కరీంనగర్‌లో ప్రతిమ, చల్మెడ ఆనందరావు వైద్య కళాశాలలు ఈ శతాబ్దం మొదట్లో వచ్చాయి. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. గోడలు లేచాయి. ఇక వాటిలో మత్తు విభాగాలు నిండాలి. ఎకో యంత్రం, ధమనిలో పోటు చూపే మానిటర్, క్యాప్నోగ్రాఫ్, నారడ్రినలిన్ పంపు, ఒక ఎటోమిడేట్ వయల్ ఉంటే, వాటి పక్కన తొందరపడని మనిషి ఒకరుంటే, ఉట్నూరు గర్భిణిని దారిలో పోగొట్టుకోనక్కర్లేదు. వీటిలో కొనలేనిది ఆ చివరిదొక్కటే. అది పెద్ద డాక్టర్ పక్కన చిన్న డాక్టర్ నిలబడి, ఎప్పుడు ఆగాలో చూసి నేర్చుకుంటేనే వస్తుంది.

మన వంతు కూడా కొంత ఉంది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ అడిగినప్పుడు ఆయాసాన్ని దాచకండి, ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని భయపడి మెట్లెక్కుతానని అబద్ధం చెప్పకండి. మానేసిన గోలీల పేర్లు కూడా చెప్పండి, నాటు మందులుంటే అవీ చెప్పండి. కాన్పులో గుండె సాగిన తల్లి ఎకో రిపోర్టును పారేయకుండా దాచుకోవాలి. మళ్లీ గర్భం దాల్చాలనుకుంటే దాన్ని పట్టుకుని ముందుగా గుండె డాక్టర్‌ను కలవాలి. మరో పని కూడా చేయండి. మీ మనిషి థియేటర్ నుంచి క్షేమంగా వచ్చాక సర్జన్‌కు దండం పెట్టినట్టే మత్తు ఇచ్చినవారి పేరూ అడిగి తెలుసుకోండి, కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చేసారి ఆపరేషన్ అవసరమైతే ఆ పేరే కొత్త డాక్టర్‌కు పనికొస్తుంది: ఈ గుండెకు ఎంత మందు పట్టింది, ఎంతసేపు ఆగాల్సి వచ్చింది అని అడగడానికి.